నెత్తళ్ళు ఇంకెంత పెరగాలి?

అమ్మలూ,

ఏ చేపని ఎంత సైజు లోపు పట్టకూడదో రిపోర్టు రాసే టీములో చేరావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే మురిసిపోయింది. నాకూ సంతోషమే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలుసు. నాలుగింటికే హార్బరుకి వెళ్ళు. టోపీ మర్చిపోకు. 1994 నాటి మన చేపల వేట చట్టం, దాని రూల్సు ఒకసారి తిరగెయ్యి. బోటెక్కితే అల్లం ముక్క బుగ్గన పెట్టుకో, చిన్నప్పుడు భీమిలి బస్సులోనే వాంతి చేసుకున్న పిల్లవి.

కేరళవాళ్ళు 2017 నాటికి 58 రకాలకి కనీస సైజు పెట్టారు. కవళ్ళకి 10 సెంటీమీటర్లు, కానాగుర్తలకి 14. ఒక్కసారైనా గుడ్లు పెట్టాకే పట్టాలన్నది లెక్క. మంచి లెక్కే. కానీ ఆ అంకెలు ఎత్తి మన రిపోర్టులో పెట్టేయకు. మన రేవులో చేప పొట్ట కోసి, ఏ సైజుకి గుడ్లు కడుతున్నాయో నువ్వే చూడు.

ఇక నేను చేసిన వెధవ పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రేవులో అలివి వల చేపలు కొలవమన్నారు. అదే, రెండు వైపులా తాళ్ళు పట్టుకుని జనం ఒడ్డుకు లాగే వల. పన్నెండు రోజులు కొలిచాను. అవి నెత్తళ్ళు ఒడ్డుకొచ్చే రోజులు. పట్టికలో ఒక గడికి ‘10 సెంటీమీటర్ల లోపు’ అని రాశాను. ఆఫీసులో టైపయ్యి వచ్చేసరికి అది ‘పిల్ల చేపలు’ అయింది. చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను. ఫైలు ఆ సాయంత్రమే పైకి వెళ్ళాలి, నాకేమో బస్సు టైమైపోతోంది. ఒట్టి బస్సు కోసం, అమ్మలూ!

ఆ కాగితం చూపించి ఆ రేవులో అలివి వల ఆపించారు. తర్వాత అటు వెళ్తే, ఎండు చేపలమ్మే ముసలామె గుప్పెడు నెత్తళ్ళు నా అరచేతిలో పోసింది. “బాబూ, ఇవి ఇంకెంత పెరగాలి?” అంది. వేలెడంత ఉన్నాయి. ముదిరిన చేపలే. కోపంగా అడిగినా బావుండేది, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

తప్పని రాసి పంపాను. సవరణ వచ్చేసరికి రెండు సీజన్లు పోయాయి. అలివి వలలో పిల్ల చేపలు పడవని కాదు, పడతాయి. ఎన్ని పడతాయో చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు.

అందుకే చెబుతున్నా, టైపయిన కాపీ నువ్వు రాసినదాని పక్కన పెట్టుకుని గడి గడీ చదువు. ‘ఇంత నుంచి ఇంత మధ్య’ అని నువ్వు రాస్తే, చట్టం రాసేవాళ్ళు ఒక్క అంకే చాలంటారు. ఇవ్వకు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఆదివారం భోజనానికి రా. అత్తయ్య వంజరం పులుసు పెడుతుంది. నా పాత కొలత చెక్క తీసి తుడిచి ఉంచాను. 6, 7, 8 అరిగిపోయాయి, ఆ మూడూ మళ్ళీ గీయించుకోవాలి.

మీ మావయ్య