పాత దూది కలపరు కదా?

ప్రకటనలు రాయడం నేర్చుకోవాలని ఉంది, మొదట ఏ సూత్రాలు పట్టుకోవాలి, ఏ కోర్సులో చేరాలి అని అడిగారు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఊళ్లో ఏదో ఒక కొట్టులో నాలుగు శనివారాలు ఊరికే కూర్చోండి. నేను నేర్చుకున్నది అలాగే. ఇంకో దారిలో ఎవరికైనా ఈ విద్య వచ్చిందంటే నేను నమ్మను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్ర. మా మామయ్యకు ఇక్కడ పరుపుల కొట్టు ఉంది. పత్తి పరుపులు, బూరుగుదూది దిండ్లు. డిగ్రీ అయిపోయి నేను ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో ఆయన, 'తెలుగు బాగా రాస్తావు కదా, ఒక కరపత్రం రాసిపెట్టు' అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని రాశాను. 'నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా. హంసతూలికా తల్పాన్ని తలపించే మా పరుపులపై మధుర నిద్రానుభూతిని ఆస్వాదించండి.' తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మామయ్య మురిసిపోయి రెండు వేలు అచ్చువేయించి పేపర్లలో పెట్టించి పంచాడు. ఆ వారంలో కరపత్రం పేరు చెప్పుకొని కొట్టుకు వచ్చింది ఒక్కడే. ప్రెస్సువాడు, మిగతా బాకీ కోసం. పదో రోజు బజారులో వేరుశనగలు కొనుక్కుంటే, తిన్నాక పొట్లం కాగితం మీద హంసతూలికా తల్పం కనిపించింది, నూనె మరకతో సహా.

జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ ఊళ్లోనే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ సభ ఆహ్వానపత్రం మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలి. ఆ గాలి నాకూ సోకింది, ఇంకేం చెప్పను.

ఆ తర్వాతి శనివారం పాతపట్నం నుంచి ఒక పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. మనవరాలి పెళ్లికి రెండు పరుపులు కావాలి. ధర అడగలేదు. మెత్తదనం చూడలేదు. తయారుగా ఉన్న ఒక పరుపు అంచున కుట్టు దగ్గర వేలు గుచ్చి నొక్కి, 'పాత దూది కలపరు కదా బాబూ?' అంది. మామయ్య మొహం చిన్నబోయింది. 'కూర్చుని చూడండమ్మా, మీ ఎదుటే నింపుతాను' అన్నాడు. ఆవిడ నిజంగానే స్టూలు లాక్కుని కూర్చుంది. దూది తూచడం, ఏకడం, గుడ్డలో నింపడం, దబ్బనంతో కుట్టడం, అన్నీ చూసింది. మధ్యలో రెండుసార్లు లేచి గుప్పెడు దూది తీసుకుని గుమ్మంలోకి వెళ్లి, నలుసులు ఉన్నాయేమోనని వెలుతురుకు పట్టి చూసింది. చివరకు కొంగుముడి విప్పి రెండు పరుపుల డబ్బూ లెక్కపెట్టి ఇచ్చింది. బేరమాడలేదు.

'అందరికీ ఇలా చూపిస్తావా?' అని మామయ్యను అడిగాను. 'చూస్తామంటే ఎవరికి కాదంటాం? బజారులో అందరూ అంతే' అన్నాడు. అందరూ చేసే పనే, ఒక్కరూ బయట రాసిపెట్టలేదు. ఆ సాయంత్రం నల్లబల్ల ఒకటి కొని సుద్దముక్కతో ఇలా రాశాను: 'పాత దూది కలుపుతారని అనుమానమా? స్టూలు వేస్తాం, కూర్చోండి. మీ ఎదుటే తూచి, ఏకి, నింపుతాం. మూడేళ్లలో ముద్దకడితే తీసుకురండి. ఏకిన కూలి ఇస్తే చాలు.' ఆ పెళ్లిళ్ల రోజుల్లో మామయ్య ఇంకో రెండు స్టూళ్లు కొనవలసి వచ్చింది. ముహూర్తాలు ఎక్కువ ఉండబట్టి అని మా అత్తయ్య అంటుంది. నేను ఒప్పుకోను.

చాలా ఏళ్లకు తెలిసింది, అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత ఈ పని ఎప్పుడో చేశాడని. ష్లిట్జ్ అనే బీరు కంపెనీకి రాయబోయే ముందు కర్మాగారమంతా తిరిగి, సీసాలను ఆవిరితో కడగడం చూసి దాన్నే రాశాడు. మిగతా కంపెనీలూ అలాగే కడిగేవి, చెప్పుకున్నది మాత్రం వీళ్లు. ఆయన తిరిగి చూశాడు, నాకు పెద్దావిడ వచ్చి చూపించింది.

బల్ల పనిచేస్తోందని మామయ్యకు ధైర్యం పెరిగి, 'నడుము నొప్పి మాయం' అని కూడా రాయమన్నాడు. రాయనన్నాను. పరుపు కుట్టేవాడికి నడుము వైద్యం ఎందుకు? పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కొట్టంతా అమ్మినా అంత రాదు.

సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. ఆవిడ మనవడిలాంటి ఆంధ్ర పిల్లలు బల్ల గడగడా చదివేస్తారు. మా ఊరి తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామంది చదివింది ఒడియా బడిలో. తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరం పోల్చలేరు. అందుకని బల్ల రెండోవైపు ఒడియాలో రాయించాం. ఎవరికి రాస్తున్నారో వాళ్లు ఏ లిపి చదువుతారో కూడా చూడకుండా సూత్రాలు వల్లించి ఏం లాభం?

ఎస్సెమ్మెస్ ప్రకటనలకు దిగినప్పుడు మరో పాఠం. ఇంగ్లీషు లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే. అదీ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. 'స్త్రీ' మన కంటికి ఒక అక్షరం, ఫోనుకు ఆరు. 70 దాటితే రెండో సందేశానికి డబ్బు కట్టాలి. నా విశేషణాలన్నీ ఆ లెక్కతోనే రాలిపోయాయి. ఏ గురువూ నాకు అంత బాగా దిద్దలేదు.

ఇక కోర్సులంటారా? శ్రద్ధ, ఆసక్తి, కోరిక, చర్య అనే నాలుగు మెట్ల సూత్రం అమెరికాలో వందేళ్లకు పైగా నలిగినది. దాన్నే వేల రూపాయలకు అమ్ముతున్నారు, 'ఈ అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది' అని రోజూ చెబుతూ. నేనూ ఒకదానికి కట్టాను. ఆ అర్ధరాత్రి ఇంకా ముగియలేదు.

మొన్న కొట్టుకు వెళ్లినప్పుడు చూశాను, బల్ల కింద మామయ్య వంకర అక్షరాలతో ఒక వాక్యం చేర్చాడు: 'ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనం. అప్పుడు వస్తే మీరూ తినాలి.' నేను దాన్ని దిద్దలేదు.