డ్రమ్ సీడర్ వద్దంటున్న రైతుల దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

యాసంగిలో డ్రమ్ సీడర్‌తో (నారు నాటకుండా, మొలక కట్టిన గింజను సాళ్లుగా మడిలోనే విత్తుతూ చేత్తో లాగే యంత్రం) వరి వేయించమని నువ్వు చూసే ఊళ్ల క్లస్టరుకు లక్ష్యం ఇచ్చారనీ, రైతు వేదికలో తలలూపిన వాళ్లంతా ఇంటికి వెళ్లి నారే పోసుకుంటామంటున్నారనీ రాశావు. ‘రైతుల్లో అవగాహన లోపం’ అని నివేదికలో పెడతానన్నావు. ఆ మాట పెట్టకమ్మా. నాటు వేస్తే ఎంత ఖర్చో, వానొస్తే ఏం పోతుందో, పంట తప్పితే అప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆ రైతుకు నీకంటే బాగా తెలుసు. వద్దనడానికి అతని దగ్గర ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతికి తీసేయడమే నీ పని. ఆ తర్వాత పెద్దగా ఒప్పించాల్సిన అవసరం ఉండదు.

కొత్త పద్ధతిని జనం ఎందుకు పట్టుకుంటారో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశీలించి 1943లో రాశారు. వాళ్లు చూసింది హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని. 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ 1941 నాటికి దాన్ని వేసినవాళ్లే, కానీ మొదటి ఏడే పొలమంతా వేసేయలేదు. ఓ చెక్కలో వేసి చూసి, తర్వాత పెంచుకుంటూ పోయారు. విత్తనం సంగతి చాలామందికి అమ్మకందారు ద్వారా తెలిసింది, నమ్మకం మాత్రం పక్కపొలం రైతు వల్ల కుదిరింది. తర్వాత 1989లో డేవిస్ అనే ఆయన ఆఫీసుల్లో కంప్యూటర్ వాడకం గురించి రాస్తూ రెండు ప్రశ్నలు ముందు పెట్టాడు: ఇది నా పనికి ఉపయోగమా, వాడటం తేలికా? 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన తోటివాళ్లు మరో రెండు చేర్చారు: నా చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటారు, వాడటానికి కావలసినవి నాకు అందుబాటులో ఉన్నాయా? నీ ఊళ్లో డ్రమ్ సీడర్ ఆగిపోయేది ఎక్కువగా ఈ చివరి రెండింటి దగ్గరే. మన సమావేశాల్లో మాత్రం మొదటి ప్రశ్న గురించే గంటలు గంటలు మాట్లాడతాం.

ముందు పొలాన్ని ఎంచుకో, రైతు సంగతి తర్వాత. నీరు పెట్టడం, తీసేయడం రైతు చేతిలో ఉన్న పొలమే కావాలి. బోరు కింద ఒక్కడిదే అయిన మడి అన్నిటికంటే మంచిది. కాలువ కింద మడి నుంచి మడికి నీరు పారే చోట పై రైతు నీళ్లు వదిలితే కింది రైతు గింజలు మునిగి మురిగిపోతాయి. అక్కడ ఎంత చెప్పినా రైతు వినడు, వినకపోవడమే సరైన పని. చౌడు నేలలు, నీరు బయటికి పోని పల్లపు మడులు కూడా పక్కన పెట్టు. 2003 తర్వాత మన దగ్గర శ్రీ వరికి (లేత నారును ఒక్కొక్క మొక్కగా ఎడంగా నాటే పద్ధతి) ఎంత ప్రచారం జరిగిందో చదివే ఉంటావు. ఎకరాకు 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల ఎడం. లెక్కంతా బాగానే ఉంది. లేత నారును ఒక్కొక్క మొక్కగా నాటే ఓపిక కూలీలకు లేకపోవడం, బరువు నేలలో కలుపు తీసే వీడర్ నెట్టడం కష్టం కావడం, మడిని తడుపుతూ ఆరబెడుతూ ఉండటం కాలువ కింద కుదరకపోవడం వల్ల చాలామంది మళ్లీ పాత నాటుకే వెళ్లారు. మంచి పద్ధతే అయినా పొలానికీ కూలీకీ అమరకపోతే నిలవదు.

ఇక రైతు. అందరికంటే ముందు కొత్తది పట్టుకునే పెద్ద రైతు దగ్గరికి నీ కాళ్లు వాటంతటవే వెళ్తాయి. ఆయన వేస్తాడు, ఫోటోకి నిలబడతాడు. ఊళ్లో వాళ్లు మాత్రం ‘ఆయనకేం, పోయినా తట్టుకుంటాడు’ అనుకుంటారు. మూడు నాలుగు ఎకరాల సొంత పొలం ఉండి, నలుగురు సలహా అడిగే మనిషిని వెతుకు. కౌలు రైతును మొదటి ఏడు అడగొద్దు. పంట తప్పినా కౌలు కట్టక తప్పదు కాబట్టి అతను వద్దనడంలో న్యాయం ఉంది. ఎవరైనా సరే, ఉన్నదంతా వేయించకు. రోడ్డు పక్కన, అదే రైతు నాటు మడిని ఆనుకుని అర ఎకరమో ఎకరమో చాలు. రెండూ ఒకే రైతువి అయితే తేడా గురించి వాదన ఉండదు.

ఉపయోగం గురించి మాట్లాడేటప్పుడు దిగుబడి పెరుగుతుందని చెప్పకు. నాటుతో సమానంగా వస్తుందని చెప్పు, అదే నిజం. నారుమడి, నారు పీకడం, నాటు కూలి తగ్గుతాయి. విత్తనం ఎకరాకు నాటుకు 20 నుంచి 25 కిలోలు పడితే దీనికి 12 నుంచి 15 కిలోలు చాలు. కోత 7 నుంచి 10 రోజులు ముందొస్తుంది. అటువైపు ఖర్చు కింద కలుపు మందు, ఖాళీలు పూడ్చే కూలి, డ్రమ్ము కిరాయి రాయాలి. ఈ లెక్క నీ కరపత్రంలోని అంకెలతో వేయొద్దు. కాగితం, పెన్ను అతని చేతికే ఇచ్చి, పోయిన పంటకు అతను పెట్టిన ఖర్చుతో వేయించు. బిహార్, బెంగాల్ నుంచి వచ్చే కూలీ జట్లు ఎకరాకు ఇంతని గుత్తకు మాట్లాడుకుని త్వరగా నాటేసి వెళ్లే ఊళ్లలో మిగులు తక్కువ కనిపిస్తుంది. అలాంటి చోట పట్టుబట్టకు. జట్టు కోసం నారు ముదిరిపోయేదాకా ఎదురుచూసే ఊళ్లు నీ క్లస్టరులోనే ఉంటాయి, అక్కడ మొదలుపెట్టు.

ఇప్పుడు పని సంగతి. మొదటి మడి చెడిందంటే ఆ ఊళ్లో నాలుగైదేళ్లపాటు దీని పేరెత్తలేవు. అందుకే ఈ వివరాలు నీకు వేళ్ల మీద ఉండాలి.

దమ్ము చేశాక మడి చదునుగా లేకపోతే మిగతాదంతా వృథా. పల్లంలో నీరు నిలిచి మొలక కుళ్లుతుంది, మిట్ట ఆరిపోయి కలుపు లేస్తుంది. చదును చేశాక బురద పేరుకునేదాకా, బరువు నేలలో ఒక రోజైనా, ఆగాలి. బురద మరీ పలచగా ఉంటే గింజ లోపలికి దిగిపోతుంది. విత్తే రోజు నీరు తీసేసి, పైన పలచటి తడి మాత్రమే ఉంచాలి.

విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మొలక రావడానికి గోనెసంచిలో మూటగట్టి 24 గంటలు మండె కట్టాలి. యాసంగి చలిలో ఇంకో పూట ఎక్కువ పట్టొచ్చు, గంటలకంటే గింజను నమ్ము. ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే చాలు. మొలక పొడవైతే గింజలు ఒకదానికొకటి చిక్కుకుని రంధ్రాల్లోంచి జారవు, జారినా మొలక విరుగుతుంది. ఎక్కువగా చెడేది ఇక్కడే. డ్రమ్ము మనది కాదు, పక్క ఊరి నుంచి రావాలి, అది ఒక రోజు ఆలస్యమైతే మొలక పొడవై కూర్చుంటుంది. అందుకే డ్రమ్ము ఊళ్లోకి వచ్చాకే విత్తనం నానబెట్టించు. డ్రమ్ముల్లో పోసే ముందు గింజల్ని అరగంట నీడలో ఆరబెడితే అంటుకోవు.

మామూలు యంత్రానికి 4 డ్రమ్ములు, 8 సాళ్లు, సాలుకు సాలుకు 20 సెంటీమీటర్లు. ఒక్కో డ్రమ్మును మూడింట రెండు వంతులే నింపాలి. నిండా పోస్తే గింజ కదలదు. అడుగంటేదాకా లాగితే గింజ హెచ్చుతగ్గులుగా పడుతుంది కాబట్టి మధ్యలోనే మళ్లీ నింపుకోవాలి. చక్రం గీసిన గీతే తర్వాతి వరుసకు గుర్తు. మొదటి వరుస తాడు పట్టుకుని తిన్నగా లాగిస్తే మిగతావి తిన్నగా వస్తాయి. లాగడం ఆ రైతు చేతే చేయించు. నువ్వో కంపెనీ మనిషో లాగి చూపిస్తే అది మీ యంత్రంగానే ఉండిపోతుంది.

విత్తిన వెంటనే గట్టి వాన పడితే గింజలు కొట్టుకుపోయి మూలకు చేరతాయి. ఆ రెండు రోజుల వాతావరణ సూచన చూసే తేదీ పెట్టుకో. మొదటి వారం పది రోజులు నీరు నిలపకుండా తడి ఆరకుండా చూడాలి, పిట్టలకు కాపలా ఉండాలి. మూడు నాలుగు ఆకులొచ్చాక పలచగా నీరు పెట్టుకుంటూ పోవచ్చు.

కలుపు దగ్గర ఇంకా జాగ్రత్త. నాటులో నిలబెట్టిన నీరే సగం కలుపును ఆపుతుంది, ఇక్కడ ఆ నీరు లేదు. విత్తిన 3 నుంచి 5 రోజుల్లో ఎకరాకు పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ 10 శాతం పొడి 80 గ్రాములు గానీ, సేఫ్‌నర్ (మొలకకు దెబ్బ తగలకుండా కాపాడే పదార్థం) కలిసిన ప్రెటిలాక్లోర్ 600 మిల్లీలీటర్లు గానీ వాడాలి. సేఫ్‌నర్ లేని ప్రెటిలాక్లోర్ నాటిన పొలానికి పనికొస్తుంది కానీ మొలకను దెబ్బతీస్తుంది. దుకాణంలో ‘రెండూ ఒకటే’ అని ఇచ్చేస్తారు. అందుకని రైతు వెంట నువ్వే వెళ్లి డబ్బా మీది అక్షరాలు చదువు. 15 నుంచి 20 రోజులకు ఊడ, తుంగ లాంటి కలుపు రెండు నాలుగు ఆకుల మీద ఉండగా నీరు తీసేసి బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకు 100 మిల్లీలీటర్లు కొట్టించి, రెండు రోజులకు మళ్లీ నీరు పెట్టించు.

రైతు అసలు భయపడేది పదిహేనో రోజు నుంచి ఇరవై ఐదో రోజు దాకా. పక్కన నాటిన మడి పచ్చగా ఉంటుంది, ఇతని మడిలో బురద కనిపిస్తుంటుంది. ఒడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి ఒక మాట అంటారు. ఇంట్లో వాళ్లు అడుగుతారు. ఆ మాటలు పడలేక మడి దున్నేసి ఎవరి దగ్గరో మిగిలిన నారు తెచ్చి నాటేసుకుంటారు, ఇంకో పది రోజులు ఆగి ఉంటే పిలకలు వచ్చి కమ్ముకునేది. మొక్కలు పలచగా కనిపిస్తాయనీ, ఎప్పుడు గుబురు కడుతుందో ఆ సంగతీ విత్తే ముందే రైతుకూ ఇంటి ఇల్లాలికీ చెప్పు. ఆ పది రోజుల్లో రెండు రోజులకోసారి ఆ మడి దగ్గర కనిపించు. నిజంగా ఖాళీలు ఉంటే, ఒత్తుగా ఉన్న చోట నుంచి మొక్కలు తీసి అప్పుడే పూడిపించు. ఊరి రైతుల్ని మాత్రం అప్పుడు తీసుకురావొద్దు. పిలకలు కట్టాక ఒకసారి, కోతకు ముందు ఒకసారి పిలువు. అక్కడ మాట్లాడాల్సింది వేసిన రైతే, నువ్వు కాదు.

పంట పడిపోతుందని కొందరు అంటారు, ఆ అనుమానం సరైనదే. గింజ పైపైన పడింది కాబట్టి వేరు లోతుకు పోదు. పడిపోతే హార్వెస్టర్‌కు ఎక్కువ గంటలు పట్టి కిరాయి పెరుగుతుంది. కాండం గట్టిగా ఉండే పొట్టి రకాలే ఎంచు, యూరియా ఒకేసారి గుమ్మరించనివ్వకు.

ఇంకో సంగతి ఏ శిక్షణలోనూ చెప్పరు. నాట్లు వేసే ఆడవాళ్లకు ఆ సీజన్‌లో వచ్చే కూలి దీనివల్ల తగ్గుతుంది. రైతు వద్దనడానికి, పైకి చెప్పకపోయినా, కోతకో కలుపుకో వాళ్లు రారేమోనన్న భయం కూడా ఒక కారణం. వాళ్లని తప్పించుకుని తిరగకు. ఖాళీలు పూడ్చడం, వీడర్ నడపడం వాళ్లకే మాట్లాడించు. మహిళా సంఘం ముందుకొస్తే డ్రమ్ములు వాళ్ల చేతిలో పెట్టి కిరాయికి తిప్పించు. నాటు పోయిన చోట వాళ్లకు ఏదీ మిగలకపోతే నువ్వు చేసేది సగం పనే.

డ్రమ్ములు ఉచితంగా పంచితే లెక్క త్వరగా నిండుతుంది, ఆ తర్వాత పశువుల కొట్టంలో మూలన పడతాయి. రెండు మూడు ఊళ్లకు కలిపి ఒకరి బాధ్యతలో కిరాయికి ఉంచు. పగిలిన డ్రమ్ము, వంగిన ఇరుసు సీజన్ ముందే బాగుచేయించు. ఏ తేదీన ఎవరికో పుస్తకంలో రాయించు. మొదటి సీజన్ ఎకరాలను విజయంగా చూపకు. రెండో యాసంగికి నువ్వు అడగకుండానే డ్రమ్ము కోసం ఎవరు వచ్చారో, మానేసింది ఎవరో, ఎందుకు మానేశారో వేరే నోటుబుక్కులో రాసుకో. మానేసినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లు.

నార్లు పోయడానికి ఇంకా మూడు వారాలు ఉందన్నావు కదా. ఈ వారం బోరు కింద ఉన్న నాలుగైదు మడులు చూసిరా. నీరు ఎటు పోతుందో, చదును ఎలా ఉందో రాసి పంపు. అందులోంచి ఏ రెండు తీసుకోవాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి