టెక్ సందేహాలు: సర్వర్ మారితే పలకరింపులు మొదలవుతాయా?

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాను, వాటర్ కలర్స్ వేస్తాను. రీల్స్ చేయకపోతే బొమ్మ ఎవరికీ కనపడటం లేదని విసుగొచ్చి మాస్టోడాన్‌లో చేరాను. నెల దాటింది. రెండు మూడు స్టార్లు తప్ప పలకరించిన వాళ్లు లేరు. ఆర్టిస్టుల సర్వర్‌కి మారితే లాభమా?

ఇదే గోడు వారం మార్చి వారం వస్తూనే ఉంది. మారితే కొంత లాభమే, కానీ మీ బాధకు అసలు మందు అది కాదు.

మాస్టోడాన్ ట్విట్టర్ లాంటి సోషల్ నెట్‌వర్కే, కానీ ఒక కంపెనీ చేతిలో ఉండదు. వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లు కలిసి పనిచేస్తాయి, మన అకౌంట్ వాటిలో ఒకదాంట్లో ఉంటుంది. మొదట్లో ఈ యాప్ కొత్తవాళ్లను గుమ్మంలోనే 'సర్వర్ ఎంచుకోండి' అని నిలదీసేది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగినవాణ్ని ఏ వార్డులో ఓటేస్తావని అడిగినట్టు ఉండేది. జనం బెదిరిపోతున్నారని 2023లో అన్నిటికంటే పెద్ద సర్వర్‌ను ముందు పెట్టి మిగతావి పక్కకు నెట్టారు. దాంతో కొత్తవాళ్లలో చాలామంది వెళ్లి అక్కడే పడుతున్నారు, మీతో సహా. అక్కడ లోకల్ టైమ్‌లైన్ (ఆ సర్వర్ వాళ్ల పోస్టుల వరుస) తెరిస్తే రాజకీయాలు, పిల్లి ఫొటోలు, లినక్స్ గొడవలు గుంపుగా పరిగెడుతుంటాయి. అందులో మీ బొమ్మ నిమిషం నిలవదు. మాస్టోడాన్.ఆర్ట్ లాంటి చోట లోకల్ టైమ్‌లైన్‌లో కనిపించేది బొమ్మలు వేసేవాళ్లే. మీకు పనికొచ్చే తేడా అదొక్కటే. ఎక్కడున్నా మిగతా సర్వర్ల వాళ్లను ఫాలో కావచ్చు.

మీరు పంపిన లింకు తెరిచి చూశాను. పోస్టులన్నీ పొద్దున్న ఏడింటికి పెడుతున్నారు. అప్పటికి జర్మనీలో తెల్లవారుజామున రెండున్నరో మూడున్నరో అవుతుంది. మాస్టోడాన్ పుట్టింది జర్మనీలో, వాడేవాళ్లలో యూరప్ వాళ్లు చాలామంది. హోమ్ ఫీడ్ వచ్చిన వరుసలోనే కనిపిస్తుంది కాబట్టి వాళ్లు లేచేసరికి మీ పోస్టు అడుగుకి పోతుంది. రాత్రి ఎనిమిదికి పెట్టి చూడండి. ఎవరైనా స్టార్ నొక్కితే బొమ్మ వాళ్ల ఫాలోయర్ల దాకా వెళ్లదు, బూస్ట్ చేస్తేనే, అంటే తమ ఫాలోయర్లకు మళ్లీ పంచితేనే, వెళుతుంది. మాస్టోఆర్ట్, ఫెడిఆర్ట్ అనే హ్యాష్‌ట్యాగులను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, వాటిని మీరూ ఫాలో అవ్వండి. రెండు మూడు చాలు. మీలా పన్నెండు గుచ్చితే స్పామ్ అనుకుంటారు. తెలుగులో రాసినప్పుడు పోస్టు భాషను తెలుగుగా మార్చడం మరిచిపోకండి. ఇంగ్లిష్‌గా వదిలేస్తే అనువాదం బటన్ కూడా పనిచేయదు.

ఫిషింగ్ హార్బర్ బొమ్మ చాలా బాగుంది. దాని కింద 'మై న్యూ వర్క్' అని తప్ప ఏమీ లేదు. ఆల్ట్ టెక్స్ట్ ఖాళీ. చూపులేని వాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణ అది. అది లేని బొమ్మను బూస్ట్ చేసేది లేదని పట్టుబట్టేవాళ్లు మాస్టోడాన్‌లో బోలెడుమంది. 'రేవులో ఆగిన మూడు మరపడవలు, ముందుదాని మీద ఆరబెట్టిన ఎర్ర వల, వెనక మబ్బు పట్టిన డాల్ఫిన్ నోస్ కొండ' అని రాస్తే చాలు, అర నిమిషం పని. అన్నట్టు, ఆ ఫొటోలో తెల్ల కాగితం నీలంగా మారింది. తప్పు మీది కాదు. ఈ మధ్య ఫోన్ కెమెరాలు అడగకుండానే ప్రతిదానికీ మేకప్ వేస్తున్నాయి. సెట్టింగ్స్‌లో ఆపితే తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ ఆన్ అయి కూర్చుంటాయి. ఆర్టిస్టు కలిపిన రంగు తప్పని తేల్చే హక్కు ఫోన్‌కి ఎవరిచ్చారో నాకైతే అర్థం కాదు.

ఇంకో మాట, కటువుగా ఉంటే ఏమనుకోకండి. మీ ప్రొఫైల్ అంతా వెతికినా వేరే ఆర్టిస్టు బొమ్మ కింద మీరు రాసిన ఒక్క ముక్క కనపడలేదు. పలకరించని వాళ్లను ఎవరు పలకరిస్తారు? ఏ కాగితం వాడారని అడగండి, నచ్చింది బూస్ట్ చేయండి. ఓ పరిచయం పోస్టు రాసి ప్రొఫైల్ పైన పిన్ చేయండి. ఆ తర్వాతే సర్వర్ సంగతి. చేరేముందు దాని 'అబౌట్' పేజీ చదవండి. అడ్మిన్ (సర్వర్ నడిపే మనిషి) ఎవరు, ఏఐ బొమ్మల మీద నియమం ఏమిటి, వేధించేవాళ్ల సర్వర్లను అడ్డుకుంటున్నారా అన్నది తెలుస్తుంది.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నా. 'నేవీ ఆఫీసర్‌ని, క్వార్టర్స్‌కి నాలుగు పెయింటింగులు కావాలి' అని మాస్టోడాన్‌లో ప్రైవేట్ మెసేజ్ వచ్చింది. ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. అడ్వాన్స్ కోసం క్యూఆర్ స్కాన్ చేయమంటున్నాడు. చేయొచ్చా?

చేయొద్దు. మన ఊళ్లో తూర్పు నౌకాదళం ఉంది, నేవీ అంటే గౌరవం ఉంది. వాడు పెట్టుబడి పెట్టింది ఆ గౌరవం మీదే. కార్డు ఫొటో ఎవరైనా తయారు చేస్తారు. మనకు డబ్బు రావాలంటే మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నట్టే. ఇప్పటికే పోయి ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. మాస్టోడాన్‌లో ప్రైవేట్ అని కనిపించేవి నిజానికి ప్రైవేట్ కావు. వాటికి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా వేసే తాళం) లేదు. మీ సర్వర్ అడ్మిన్, అవతలి సర్వర్ అడ్మిన్ తలుచుకుంటే చదవగలరు. యాప్ హెచ్చరిస్తుంది, కానీ చిన్న అక్షరాల్లో. ఇంకా ఘోరం ఏమిటంటే, మాటల మధ్యలో మూడో మనిషి హ్యాండిల్ (@తో మొదలయ్యే అకౌంట్ పేరు) టైప్ చేస్తే ఆ మెసేజ్ వాళ్లకీ వెళ్లిపోతుంది. 'ఫలానా ఆవిడ డబ్బులు ఎగ్గొట్టింది' అని హ్యాండిల్‌తో సహా రాశారనుకోండి, ఆవిడ ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. ఇలాంటి డిజైన్‌ను ఇన్నేళ్లుగా అలాగే ఉంచడం నిర్లక్ష్యం కాక ఏమిటి? కొనేవాళ్ల ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు ఇందులో రాయొద్దు. బేరం మొదలవగానే ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ యాప్‌కి మారిపోండి.

మీ పేరు, మీ బొమ్మలు పెట్టుకుని ఇంకో సర్వర్‌లో ఎవడైనా అకౌంట్ తెరవొచ్చు, అక్కడ ఆ పేరు ఖాళీగానే ఉంటుంది కదా. సొంత వెబ్‌సైట్ ఉంటే అందులో మీ ప్రొఫైల్‌కు వెరిఫికేషన్ లింకు పెట్టండి. ప్రొఫైల్‌లో దాని పక్కన ఆకుపచ్చ టిక్ వస్తుంది, పైసా ఖర్చు లేదు. 'వెరిఫికేషన్ కోసం ఇక్కడ లాగిన్ అవ్వండి' అని మెసేజ్ వస్తే మాత్రం దొంగదే. మీ పాస్‌వర్డ్ అడగాల్సింది మీ సర్వర్ ఒక్కటే.

ప్రశ్న: సర్వర్ మూసేస్తే నా బొమ్మల గతి?

పోతాయి. 2022 చివర్లో మాస్టోడాన్.టెక్నాలజీ అనే సర్వర్ మూతపడింది. ముందే చెప్పారు కాబట్టి సర్దుకోవడానికి టైమ్ దొరికింది. అకౌంట్ మార్చుకుంటే ఫాలోయర్లు కొత్త చోటికి వస్తారు, పోస్టులు రావు. పైగా మార్చాలంటే పాత అకౌంట్‌లో లాగిన్ కావాలి. చెప్పాపెట్టకుండా మూసేస్తే ఆ దారీ ఉండదు. సెట్టింగ్స్‌లోని ఎగుమతి పేజీలో పోస్టులు, బొమ్మలు కలిపి ఆర్కైవ్ అడగొచ్చు, వారానికోసారి ఇస్తారు. మీరు ఫాలో అవుతున్నవాళ్ల జాబితా అదే పేజీలో సీఎస్‌వీ ఫైలుగా దొరుకుతుంది. మీ ఫాలోయర్ల జాబితా మాత్రం అలా తీసుకెళ్లి కొత్త చోట ఎక్కించే వీలు లేదు. అందుకే ముఖ్యమైన కొనుగోలుదారుల ఈమెయిళ్లు విడిగా రాసి పెట్టుకోండి.