పాప పుట్టాక నా ఉద్యోగానికే ఎందుకు గండం, మావారికి ఎందుకు లేదు?

ప్రతిభలో తేడా వల్ల కాదండీ, ఇంట్లో ఏ పని ఎవరి మీద పడుతోందన్నదే అసలు కారణం. 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పనులు చేసేవాళ్ల సగటు చూస్తే ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. బిడ్డకు జ్వరమొస్తే స్కూల్ నుంచి ఫోన్ అమ్మకే వస్తుంది, అత్తగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లేదీ ఆవిడే, అలా సెలవులన్నీ ఒకరి ఖాతాలోనే పడి, నైట్ షిఫ్టులూ ఆన్‌సైట్ అవకాశాలూ వదులుకుని, చివరికి లేఆఫ్ లిస్ట్ తయారయ్యేటప్పుడు 'కమిట్‌మెంట్ తక్కువ' అన్న ముద్ర ఆమెకే పడుతుంది.

చట్టం ఉంది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది, ఆ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. కాంట్రాక్ట్ గడువు మధ్యలో అయిపోయినా ప్రసూతి ప్రయోజనం ఆపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా పథకం) కిందకు రానివాళ్లకు ఆ సెలవు జీతమంతా కంపెనీయే భరించాలి, దాంతో కొన్ని సంస్థలు కొత్తగా పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికే వెనకాడతాయి. ఇది ఘోరం, ఖర్చులో ప్రభుత్వం వాటా తీసుకుంటే ఆ సాకే ఉండదు.

ఇళ్లల్లో పనిచేసేవాళ్లకైతే ఈ రక్షణ కూడా అందదు, కాన్పుకు వెళ్లొచ్చేసరికి ఆ పనిలో ఇంకొకరు ఉంటారు.

మీరు మాత్రం సెలవు, తిరిగి చేరే తేదీ ఈమెయిల్‌లోనే రాయించుకోండి. 50 మంది, అంతకుమించి ఉన్న ఆఫీసైతే క్రెష్ (పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) గురించి గట్టిగా అడగండి. స్కూల్లో మొదటి నంబరుగా మీవారిది ఇవ్వండి.