పాత విండో ఏసీకి విడిభాగాలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: మా 1.5 టన్నుల విండో ఏసీ కొని పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు ఫ్యాన్ మూలుగుతోంది గాని తిరగడం లేదు. ఫ్యాన్ మోటారు కాలిపోయిందనీ, కంప్రెసర్ కూడా సరిగా స్టార్ట్ కావడం లేదనీ, రెండూ మార్చాలనీ మెకానిక్ అంటున్నారు. ఈ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, వేరే పాత ఏసీలోంచి తీసిన కంప్రెసర్‌ను తక్కువ ధరకు తెస్తానంటున్నారు. బాగు చేయించాలా, వాయిదాలపై కొత్తది కొనాలా? ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి ఉంది. అందులోంచి తీయవచ్చా?

జవాబు: డబ్బు తీసేముందు కెపాసిటర్‌ను, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టేందుకు తోడ్పడే చిన్న విద్యుత్ భాగాన్ని, పరీక్ష చేయించండి. చాలా విండో ఏసీల్లో ఫ్యాన్ మోటారుకూ కంప్రెసర్‌కూ కలిపి ఒకే డ్యూయల్ కెపాసిటర్ ఉంటుంది. అది బలహీనపడితే ఫ్యాన్ మూలుగుతూ నిలిచిపోవడం, కంప్రెసర్ స్టార్ట్ కాలేక ట్రిప్ కావడం రెండూ కనిపించవచ్చు. మీరు చెప్పిన లక్షణాలు దీనికి బాగా దగ్గరగా ఉన్నాయి. మొత్తం మరమ్మతులో అతి చవకైన భాగం ఇదే కాగా, దీన్ని మోడల్ నంబరుతో వెతకాల్సిన పని కూడా లేదు. దానిపై రాసి ఉండే మైక్రోఫ్యారడ్ (µF) విలువ పాతదానితో సమానంగానూ, వోల్టేజి సమానంగా లేదా ఎక్కువగానూ ఉంటే ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. అయితే ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

మోటారే పోయిందని తేలితే మార్పించడం సబబే. విండో ఏసీ మోటారుకు రెండు వైపులా షాఫ్ట్ ఉంటుంది: ఒకవైపు గదిలోకి గాలి కొట్టే బ్లోయర్, రెండోవైపు వెనుక ఫ్యాన్ బిగిస్తారు. షాఫ్ట్ మందం, పొడవు, వేగం, తిరిగే దిశ, వోల్టేజి, బిగించే రంధ్రాల దూరం సరిపోతే అసలు కంపెనీది దొరకకపోయినా ఇబ్బంది లేదు. పాత మోటారును విప్పి దుకాణానికి పట్టుకెళ్లడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. థర్మోస్టాట్, సెలెక్టర్ స్విచ్ వంటివీ ఇలాగే దొరుకుతాయి.

కంప్రెసర్ సంగతి వేరు. పాతది కొనవద్దని నా సలహా. దాన్ని మార్చాలంటే గ్యాస్ తీసి, పైపులు కోసి, మళ్లీ వెల్డింగ్ చేసి, తేమను, మలినాలను పట్టే ఫిల్టర్ డ్రయ్యర్ మార్చి, పైపుల్లోని గాలిని లాగేసి (వాక్యూమ్ పట్టి), కొత్తగా గ్యాస్ నింపాలి. కంప్రెసర్ ఎంత చవకగా వచ్చినా ఈ కూలీ, గ్యాస్ ఖర్చు తగ్గదు. పైగా ఎన్నేళ్లు నడిచిందో తెలియని ఆ వస్తువు మొరాయిస్తే అదే ఖర్చు రెండోసారి పెట్టాలి. మీ ఏసీ వయసును బట్టి అందులో ఆర్-22 గ్యాస్ ఉండే అవకాశం ఎక్కువ, రేటింగ్ ప్లేటుపై చూడండి. ఓజోన్ పొరను కాపాడేందుకు కుదిరిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద సంపన్న దేశాలు 2020 నాటికి దాని ఉత్పత్తిని దాదాపు ఆపేశాయి, మిగతా దేశాలకు 2030 గడువు ఉంది. అంటే ఈ గ్యాస్ క్రమంగా అరుదవుతుంది. దాని బదులు ఆర్-410ఎ అనే వేరే గ్యాస్ నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాని పీడనం సుమారు 60 శాతం ఎక్కువ, దానికి కావలసిన నూనె కూడా వేరు.

ఇక లెక్క. మరమ్మతు ఖర్చును ఏసీ ఇంకా నడుస్తుందనుకునే ఏళ్లతో భాగించండి. పద్నాలుగేళ్ల యంత్రానికి నేను రెండేళ్లకు మించి వేసుకోను. దానికి ఏడాదికయ్యే అదనపు కరెంటు ఖర్చు కలపండి. 1.5 టన్నులంటే దాదాపు 5.3 కిలోవాట్ల చల్లదనం. పాత యంత్రం సామర్థ్య నిష్పత్తి (వాడే కరెంటుకు ఎన్ని రెట్ల చల్లదనం ఇస్తుందన్న లెక్క) 2.5, కొత్తదానిది 3.3 అనుకుంటే గంటకు సుమారు అర యూనిట్ తేడా వస్తుంది, కంప్రెసర్ ఏడాదికి 700 గంటలు తిరిగితే అది 350 యూనిట్లు. వచ్చిన మొత్తాన్ని, కొత్త ఏసీ పదేళ్లు నడుస్తుందనుకుని, దాని ధరలో పదో వంతుతో పోల్చండి. స్ప్లిట్ ఏసీ అయితే బిగింపు ఖర్చును, కిటికీలో మిగిలే ఖాళీని మూయించే ఖర్చును కూడా ఆ ధరలో కలపాలి. కెపాసిటర్ లేదా మోటారు మరమ్మతే సాధారణంగా నెగ్గుతుంది, ఏసీ రోజంతా నడిచే ఇల్లయితే మాత్రం నెగ్గకపోవచ్చు.

అత్యవసర నిధిని ముట్టుకోవద్దు. పద్నాలుగేళ్ల ఏసీ ఆగిపోవడం ముందే ఊహించదగిన ఖర్చు, ఆ నిధి ఉద్యోగం పోవడానికో ఆసుపత్రికో ఉద్దేశించినది. చిన్న మరమ్మతుతో రెండేళ్లు గడువు దొరికితే, కొత్త ఏసీ ధరలో ఇరవై నాలుగో వంతును ప్రతినెలా విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. కంప్రెసరే పోయిందని తేలి వెంటనే కొనాల్సి వస్తే, వడ్డీ లేని వాయిదాలని చెప్పినా ప్రాసెసింగ్ రుసుమును, ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపును అడిగి తెలుసుకోండి. ఆ రెండూ కలిపితే వచ్చేదే మీరు నిజంగా కడుతున్న వడ్డీ. అది తక్కువగా ఉండి, వాయిదా మీ నెలవారీ మిగులులో ఇమిడితేనే సంతకం చేయండి.