‘నీ సలహా ఎవరికి కావాలి?’ అన్నాను, అబ్బాయి మాట్లాడడం మానేశాడు

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా పెడన. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) మొదటి సంవత్సరం. మెడిసిన్ చదవాలన్నది వాడి కోరిక, మా కోరిక. గత సెప్టెంబరులో మా నగరంలోని మ్యూజియంలో, ఏం ప్రదర్శించాలో, వాటి గురించి ఏం రాయాలో సలహా చెప్పే యువ సలహాదారుల బృందంలో చేరాడు. నెలకు రెండు శనివారాలు వెళ్లాలి, మధ్యలో ఒక సాయంత్రం వీడియో సమావేశం. జీతం లేదు, బస్సు ఖర్చులు ఇస్తారు. ఇంటికి వచ్చినా అదే ధ్యాస. ఆదివారాలు పెడనలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి కలంకారీ అద్దకం గురించి గంటల కొద్దీ అడుగుతాడు. ఈ మధ్య కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయి. కోపంలో బంధువుల ముందే, ‘నీకే ఏమీ తెలియదు, నీ సలహా ఎవరికి కావాలిరా?’ అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. నాకు చెప్పకుండా నా భార్య వాణ్ణి అక్కడికి తీసుకెళ్తోందని మొన్ననే తెలిసింది. ఈ పని ఎలా మాన్పించాలి?

జవాబు: మాన్పించవద్దనే నేను చెబుతాను. మీ ఇంట్లో చిచ్చు పెట్టింది శనివారాలు కావు, బంధువుల ముందు మీరన్న ఆ ఒక్క మాట. మ్యూజియంలో మీ అబ్బాయి అభిప్రాయం చెబితే తనకంటే ఎంతో పెద్దవాళ్లు శ్రద్ధగా విని రాసుకుంటున్నారు. సొంత ఇంట్లో నలుగురి ముందు, నీకేమీ తెలియదన్న మాట ఎదురైంది. పదిహేడేళ్ల వయసులో అది ఎంత లోతుగా దిగుతుందో మీ చిన్నతనం గుర్తు చేసుకుంటే మీకే తెలుస్తుంది.

పైగా, ఎవరికి కావాలి అన్న మీ ప్రశ్నకు నిజంగానే సమాధానం ఉంది. మీ అబ్బాయి పెరుగుతున్న దేశానికీ మీ ఊరి అద్దకానికీ నాలుగు శతాబ్దాల సంబంధం. ఈస్టిండియా కంపెనీ వారు 1611లో మీ పెడన పక్కనే ఉన్న మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన తీరపు అద్దకం బట్టల మీద అక్కడి జనానికి మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్ల బతుకు పోతోందని అక్కడి పార్లమెంటు 1700లో వాటి దిగుమతిని కట్టడి చేసింది. 1721లో అయితే అద్దకపు నూలు బట్టలు కట్టుకోవడాన్నే చాలా వరకు నిషేధించింది. నాడు అంత భయపెట్టిన బట్టలు ఇప్పుడు అక్కడి మ్యూజియాల్లో అద్దాల వెనుక ఉన్నాయి. కరక్కాయ, గేదె పాలు కలిపి బట్టను ఎందుకు నానబెడతారో, చిరివేరు నుంచి ఎరుపు ఎలా వస్తుందో, పారే నీళ్లలోనే ఎందుకు జాడించాలో అక్కడి ఉద్యోగులు పుస్తకాల్లో చదివి ఉంటారు. ఆ పని నడుమ జీవితం గడిపిన మనిషిని ఫోన్లో అడిగి తెలుసుకోగలవాడు మీ అబ్బాయి. అతని సలహా ఆ మ్యూజియానికి కావాలి.

ఇది ఒక్క చోట జరుగుతున్న వింత కాదు. అమెరికాలో మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ 1996లోనే ఇలాంటి టీనేజి బృందాన్ని ఏర్పాటు చేసుకుంది. వాకర్, న్యూయార్క్‌లోని విట్నీ మరో రెండు మ్యూజియాలతో కలిసి, ఎన్నో ఏళ్ల కిందట అలాంటి బృందాల్లో పనిచేసిన వారిని పలకరించి 2015లో ఒక నివేదిక ఇచ్చాయి. ఆత్మవిశ్వాసం పెరగడం, తానెవరో తెలియడం వంటి లాభాలు పెద్దయ్యాక కూడా నిలిచాయని అందులో తేలింది. మీకు దగ్గరలోని ఉదాహరణ మాంచెస్టర్ మ్యూజియం. 2023లో అక్కడ తెరిచిన దక్షిణాసియా గ్యాలరీని మ్యూజియం ఉద్యోగులు తమంతట తాము రూపొందించలేదు. ఉపాధ్యాయులు, కళాకారులు, సంగీతకారులు వంటి 30 మంది స్థానికులు వారితో కలిసి ఏం పెట్టాలో, ఏం చెప్పాలో నిర్ణయించారు. 2025లో ఆ మ్యూజియానికి యూరప్‌లో ఆ ఏటి మేటి మ్యూజియం పురస్కారం వచ్చింది. కుటుంబమంతా ఒకసారి వెళ్లి చూడండి, ప్రవేశం ఉచితం.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం ఒకటుంది. అబ్బాయి ప్రతి ఆదివారం నాయనమ్మకు ఫోన్ చేస్తున్నాడని మీరు ఫిర్యాదుగా రాశారు. పరాయి దేశంలో పెరిగే పిల్లలు ‘బాగున్నారా’ దాటి పెద్దవాళ్లతో మాట్లాడడం లేదని కుమిలిపోయే తల్లిదండ్రుల ఉత్తరాలు నాకు ఎన్నో వస్తాయి. మీ ఇంట్లో ఎవరూ బలవంతపెట్టకుండానే అది జరుగుతోంది. మీ అమ్మగారికి కూడా తన ఊరి పనితనం గురించి చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికాడు.

ఇక చేయవలసిన పని. మాట నలుగురిలో అన్నారు కనుక, వెనక్కి తీసుకోవడం కూడా వాళ్ల ముందే జరగాలి. ఆ బంధువులు మళ్లీ కలిసినప్పుడు, లేదా వీడియోలో మాట్లాడేటప్పుడు, ‘ఆ రోజు నేనన్నది తప్పు’ అని ఒక్క వాక్యం చెప్పండి. ‘కానీ నీ మార్కులు’ అని దానికి తోక తగిలించవద్దు. అబ్బాయి వెంటనే కరిగిపోతాడని ఆశించవద్దు కూడా.

మీ ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. తండ్రీ కొడుకుల మధ్య నలుగుతూ ఆమె ఎంచుకున్న దారి అది. అయితే ఆ దాపరికం అలాగే సాగితే, నాన్నకు చెప్పకపోతే ఏదైనా చేయవచ్చని పిల్లవాడు నేర్చుకుంటాడు. ఇక దాచవలసిన అవసరం లేదని ముందు మీరే ఆమెకు చెప్పండి. వచ్చే శనివారం అబ్బాయిని మీరే దింపి రండి. లోపలికి పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే పట్టు పట్టకండి.

మీ ఆందోళనలో న్యాయం లేదని నేను అనడం లేదు. జీతం లేని పనిలో పిల్లల్ని అలంకారానికి వాడుకునే చోట్లూ ఉంటాయి. రోజర్ హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో యూనిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అడుగున ఉన్న మూడు మెట్లను అసలు భాగస్వామ్యమే కాదన్నారు. పిల్లలను నిలబెట్టి ఫోటోలు తీసుకోవడం, అడిగినట్టు నటించి తమ ఇష్టప్రకారమే చేయడం ఆ కోవలోవే. కాబట్టి మాట కలిశాక, ‘మీరు చెప్పినవాటిలో ఏది మారింది?’ అని అబ్బాయిని అడగండి. ఏ వస్తువు పక్కన ఏ వాక్యం కొత్తగా చేరిందో చూపించగలిగితే అది అసలైన పని. ఏడాది గడిచినా చూపించడానికి ఏమీ లేకపోతే, ఆ సంగతి అతనికే తడుతుంది. పిల్లలతో పనిచేసే పెద్దలకు నేర చరిత్ర తనిఖీ జరిగిందా అని మ్యూజియాన్ని అడిగే హక్కు మాత్రం తండ్రిగా మీకు పూర్తిగా ఉంది, మొహమాటపడకండి.

మెడిసిన్ ‘వాడి కోరిక, మా కోరిక’ అని రాశారు. అది ఇప్పటికీ నిజమేనా అని అతన్ని అడగండి. మ్యూజియం వల్ల మనసు మారుతుందేమోనన్నదే మీ భయమైతే, కెమిస్ట్రీ చాటున దాచకుండా ఆ భయాన్నే చెప్పండి.

నిజంగా కెమిస్ట్రీయే సమస్య అయితే దాన్ని విడిగా తేల్చుకోవాలి. ముందు బడిలో ఆ ఉపాధ్యాయుణ్ణి కలిసి ఏ పాఠంలో వెనకబడ్డాడో తెలుసుకోండి. నెలకు రెండు శనివారాల వల్లే మార్కులు పడిపోయాయని నేను నమ్మను. అక్కడి యూనివర్సిటీలకు పెట్టే దరఖాస్తులో 2026 ప్రవేశాల నుంచి స్వీయ పరిచయ వ్యాసం మూడు ప్రశ్నలుగా మారింది, మూడోది చదువుకు బయట ఏం చేశావన్నదే. అక్కడ ఈ పని చెప్పుకోవచ్చు. అయితే మెడిసిన్‌కు మ్యూజియం ఒక్కటే చాలదు. వృద్ధాశ్రమంలోనో ఆసుపత్రిలోనో మనుషులకు సేవ చేసిన అనుభవం కూడా కాలేజీలు చూస్తాయి, ఖాళీగా ఉన్న శనివారాల్లో ఒకటి దానికి కేటాయించుకోవచ్చు. మెడిసిన్ ప్రవేశానికి రాసే యూక్యాట్ పరీక్ష జులై, సెప్టెంబరు మధ్య ఉంటుంది, దరఖాస్తుకు గడువు అక్టోబరు 15. ఆ నెలల్లో సమావేశాలకు రాలేనని బృందానికి ముందే చెప్పుకుంటే సరిపోతుంది. ఆ సంగతి మ్యూజియానికి మీరు రాయకండి, అతన్నే రాయనివ్వండి.