పాత రౌటర్ ఇంట్లో ఉండగా కొత్తదానికి ఈఎంఐ ఎందుకండీ?

ప్రశ్న: ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు చెప్తుంటాను, ఆదాయం నెల నెలా ఒకేలా ఉండదు. రౌటర్ కింద హాల్లో ఉంది, నేను కూర్చునే పై గదిలో సిగ్నల్ సరిగ్గా రాక క్లాసు మధ్యలో వీడియో ఆగిపోతోంది. ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే మూడు పీసుల మెష్ సెట్ 12 నెలల ఈఎంఐ మీద తీసుకుందామనుకుంటున్నా, ముందు కట్టాల్సిన దానికి లోన్ యాప్‌లో కొంచెం తీసుకోవాలి. దాచుకున్నది ఒక నెల ఖర్చులకి సరిపోతుంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. పాత కనెక్షన్ తాలూకు రౌటర్ ఒకటి ఊరికే పడుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లోన్ యాప్ ఆలోచన మానెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఒక వస్తువు కొనడానికి ఈఎంఐ, ఆ ఈఎంఐ మొదలుపెట్టడానికి ఇంకో అప్పు, ఇది ఇప్పుడు చాలామంది చేస్తున్న పనే, అందుకే మీ ప్రశ్న తీసుకున్నా. రెండు అప్పులూ చూడ్డానికి చిన్నవే, కానీ ఆదాయం తగ్గిన నెలలో రెండూ ఒకేసారి వచ్చి నెత్తిన కూర్చుంటాయి. వడ్డీ 12 శాతమే కదా అంటారు, అది ఫ్లాట్ వడ్డీ అయితే మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా మొత్తం అసలు మీదే లెక్కేస్తారు, ఏడాది ఈఎంఐలో అది నిజానికి 21 శాతం దాటుతుంది. వడ్డీ లేదు అని రాసున్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి, వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

అసలు సంగతి మీరు చివర్లో రాశారు, రౌటర్ ఊరికే పడుందని. దాన్ని పైకి తీసుకెళ్లి కింద రౌటర్‌కి కేబుల్‌తో కలిపితే మీ సమస్య చాలావరకు తీరుతుంది. నేను నెట్‌వర్క్ ఇంజనీర్‌ని కాదు కానీ అప్పు తప్పించే పని కాబట్టి వివరంగానే చెప్తా.

వెనకున్న రీసెట్ బటన్‌ని పిన్నుతో ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే పాత సెట్టింగులు పోతాయి. ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి దాని సెట్టింగ్స్ పేజీ తెరవండి, యాక్సెస్ పాయింట్ మోడ్ (అంటే కింద రౌటర్ ఇచ్చే నెట్‌నే వైఫైగా పంచే పద్ధతి) ఉంటే అది పెట్టేసి, కేబుల్ ఏ పోర్ట్‌లో పెట్టాలో మాన్యువల్‌లో చూసుకుంటే చాలు. ఆ మోడ్ లేకపోతే చేత్తో మార్చుకోవాలి. మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, మెయిన్ రౌటర్ ఫోన్లకీ వాటికీ పంచే అడ్రసుల్లో అది లేకుండా చూసుకోండి, ఆ తర్వాత పాత దాంట్లో డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపేయండి. ఇది మర్చిపోతే రెండు రౌటర్లూ అడ్రసులు పంచడం మొదలుపెట్టి నెట్ ఒకసారి వస్తుంది ఒకసారి పోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ మూడూ కింద దానిలాగే పెట్టండి, మీరు పైకెళ్తే ఫోన్ దానంతటదే మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా, కింద ఛానెల్ 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి.

ఇలా చేత్తో మార్చుకున్నప్పుడు కేబుల్ మాత్రం మెయిన్ దాని లాన్ పోర్ట్ (ఇంట్లో పరికరాలు కలిపేది) నుంచి పాత దాని లాన్ పోర్ట్‌కే వెళ్లాలి. సెట్టింగులేవీ మార్చకుండా వాన్ పోర్ట్‌లో (బయటి నెట్ కేబుల్ పెట్టేది) పెట్టినా నెట్ రావచ్చు, అందుకే చాలామందికి తప్పు తెలీదు, కానీ అప్పుడు ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారవుతాయి, పైన పెట్టిన ప్రింటర్ కింద ఉన్న ఫోన్‌కి కనపడదు. క్యాట్ 5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ మోస్తుంది. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే అయినా వీడియో క్లాసుకి అందులో కొంచెమే పడుతుంది. కేబుల్ లేకుండా రిపీటర్‌గా, అంటే కింది వైఫైని గాల్లోనే అందుకుని మళ్లీ పంచేలా, పెట్టుకోవచ్చు కానీ ఒకే రేడియోతో అటూ ఇటూ మాట్లాడాలి కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి, ఆ రౌటర్‌లో కనీసం డబ్ల్యూపీఏ2 అనే వైఫై సెక్యూరిటీ లేకపోతే దాన్ని వాడొద్దు, సేవింగ్స్‌లోంచి కాకుండా ఈ నెల ఖర్చు ఏదైనా తగ్గించుకుని మామూలు యాక్సెస్ పాయింట్ ఒకటి నగదుతో కొనుక్కోండి.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసిన విషయం, ఒక నెల ఖర్చు. మీ సంపాదన మొత్తం ఒక ల్యాప్‌టాప్ మీద, ఒక నెట్ కనెక్షన్ మీద, మీ గొంతు మీద నడుస్తోంది. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ పోయిందనుకోండి, అదే నెలలో ముగ్గురు స్టూడెంట్లు పరీక్షలయ్యాయని మానేశారనుకోండి, ఒక నెల డబ్బు రెండు వారాలు కూడా ఆగదు, అప్పుడు మళ్లీ అదే లోన్ యాప్ తెరుస్తారు, ఈసారి తప్పక. జీతం ఉన్నవాళ్లకి మూడు నెలలు చాలంటారేమో, ఆదాయం అటూ ఇటూ అయ్యేవాళ్లకి ఆరు నెలల ఖర్చులు ఉండాల్సిందే, దీంట్లో నేను తగ్గను. లెక్క ఆదాయం మీద కాదు ఖర్చు మీద వేయండి, ఇంటి అద్దె, నెట్ బిల్లు, మందులు, ఉంటే పాత ఈఎంఐలు, అన్నీ కలిపి. ఆ ఆరు నెలల డబ్బు అవసరమైన రోజే చేతికి రావాలి కాబట్టి లాకయ్యే స్కీముల్లో పెట్టొద్దు, రోజూ వాడే అకౌంట్‌లో కూడా వద్దు, తెలీకుండానే కరిగిపోతుంది. మెష్ సెట్‌కి నెల నెలా కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అంతే మొత్తాన్ని ఫీజులు పడిన రోజే వేరే అకౌంట్‌కి పంపేలా పెట్టేయండి. ఫీజులు బాగా వచ్చిన నెలలో దానికి రెట్టింపు.

హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే ఈ ఆరు నెలల ఫండ్‌తో పాటే అది కూడా మొదలుపెట్టండి. మెష్ సంగతి ఆరు నెలల ఖర్చులు పోగయ్యాక, అప్పటికీ అవసరం అనిపిస్తే, నగదుతో.

ఒకవేళ ఇది చదివేసరికే ఆ యాప్‌లో తీసేసుకుని ఉంటే ముందుగా కడితే ఛార్జీ ఎంతో చూసి ఈ వారంలోనే కట్టేయండి, దానికి దాచుకున్న నెల డబ్బులోంచి తీసినా పర్లేదు, దాన్ని కదపడానికి నేను ఒప్పుకునేది ఈ ఒక్క పనికే. లోన్ క్లోజ్ అయినట్టు లెటర్ తీసుకుని దాచుకోండి, ఫోన్‌లో ఆ యాప్‌కి ఇచ్చిన కాంటాక్ట్స్, ఫోటోల పర్మిషన్లు తీసేసి ఆ తర్వాతే యాప్ డిలీట్ చేయండి.